పాప తెల్లవారకముందే లేచిపోతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

మా చెల్లెలు అడిగింది, ఆఫీసులో పక్క సీటు అమ్మాయి అడిగింది, లిఫ్టులో ఎర్రబడ్డ కళ్ళతో ఎదురయ్యే కొత్త తల్లులూ అడుగుతున్నారు. అందరిదీ ఒకటే గోల: "పొద్దున ఇంకో గంట పడుకుంటే చాలు, ఏం చేయాలి?" ఫోన్‌లో చెప్పిందే చెప్పే బదులు ఒకచోట రాసిపెట్టాను. నేను డాక్టర్ని కాను, ఇద్దరు పిల్లల తల్లిని. మా పెద్దవాడు ఏడాది నిండబోయేదాకా అలారం పెట్టినట్టు 4.40కి లేచేవాడు. నేను చేసిన తప్పులు, పిల్లల డాక్టర్‌ని విసిగించి తెలుసుకున్నవి, చదివినవి కలిస్తే ఇది. వయసు ప్రకారం విడగొట్టాను కాబట్టి మీ బిడ్డ వయసున్న చోటికి నేరుగా వెళ్ళిపోండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే పుట్టినరోజు నుంచి కాకుండా డాక్టర్ ఇచ్చిన డ్యూ డేట్ నుంచి వయసు లెక్కేసుకోవాలి.

## ముందుగా తేల్చుకోవాల్సినవి

ఎన్నింటికి లేస్తే "మరీ తొందరగా" లేచినట్టు?

ఆరింటికి లేచే పాప తొందరగా లేచినట్టు కాదు. పసిపిల్లలు చాలామంది ఆరూ ఏడూ మధ్యే లేస్తారు. మనం పదకొండున్నర దాకా ఫోన్ చూసి పడుకుంటాం కాబట్టి ఆరు మనకు అర్ధరాత్రిలా అనిపిస్తుంది. ఐదున్నర లోపే లేచి, కళ్ళు నులుముకుంటూ, చంక దిగకుండా పేచీ పెట్టి, ఏడింటికల్లా మళ్ళీ తూగుతుంటే నిద్ర చాలలేదన్నమాట. అదే ఐదున్నరకు లేచి బోసినవ్వులు నవ్వుతూ రెండు గంటలు హాయిగా ఆడుకుంటే, ఆ బిడ్డ నిద్ర పూర్తయింది. అప్పుడు పాపకు ఇబ్బందేమీ లేదు, ఇబ్బంది మనకే. మార్చాలంటే పడుకునే వేళతో సహా రోజంతా కొంచెం ఆలస్యంగా నడిచేలా జరపాలి.

మొత్తం ఎన్ని గంటలు పడుకోవాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పగటి కునుకులతో కలిపి మూడు నెలల దాకా 14 నుంచి 17 గంటలు, నాలుగు నుంచి పదకొండు నెలల వరకు 12 నుంచి 16, ఏడాది నుంచి రెండేళ్ళ మధ్య 11 నుంచి 14. తేడా ఎంత ఉందో చూడండి. ఎదురింటి పాప 15 గంటలు పడుకుంటుందని మీ పాపా పడుకోవాలని లేదు. మూడు రోజులపాటు క్యాలెండర్ వెనక పెన్నుతో రాసి చూడండి: పడుకున్నది ఎప్పుడు, లేచింది ఎప్పుడు. పగలు నాలుగు గంటలు, రాత్రి ఎనిమిది నుంచి ఐదు దాకా తొమ్మిది గంటలు, మొత్తం 13 అని తేలితే బిడ్డ నిద్ర సరిపోయినట్టే. రాత్రి ఎనిమిది నుంచి ఏడు దాకా కూడా కావాలంటే పగటి నిద్రలోంచే ఇవ్వాలి.

ఏ రోజు చూసినా నాలుగూ ఐదూ మధ్యే లేస్తుంది. ఆ టైమే ఎందుకు?

పసిపిల్లల నిద్ర ఒక్కో విడత సుమారు 50 నిమిషాలు. ప్రతి విడత చివరా కొంచెం మెలకువ వస్తుంది. రాత్రి పదకొండింటికి అలా వచ్చినా నిద్రమత్తు బాగా ఉంటుంది కాబట్టి అటు తిరిగి పడుకుంటారు. నాలుగు దాటేసరికి ఆ మత్తు దాదాపు తీరిపోతుంది. నిద్రపుచ్చే మెలటోనిన్ తగ్గుతూ, మేలుకొలిపే కార్టిసాల్ పెరుగుతూ ఉంటుంది. అప్పుడు పట్టేది ఎక్కువగా కలల నిద్ర, పలచటి నిద్ర. పక్కింటి గేటు చప్పుడు చాలు, లేచిపోవడానికి. ఇంతవరకూ అందరు పిల్లలకీ ఒకటే.

అసలు చిక్కు ఆ తర్వాత. లేవగానే లైటు వేసి, పాలిచ్చి, హాల్లోకి తీసుకెళ్ళి ఆడించామనుకోండి, ఒంట్లో ఉన్న గడియారం "ఓహో, తెల్లవారేది ఇప్పుడన్నమాట" అని రాసిపెట్టుకుంటుంది. రేపు సరిగ్గా అదే టైముకి లేపుతుంది. మా ఇంట్లో ఏడు నెలలు జరిగింది ఇదే.

## మొదటి మూడు నెలలు

పాపకు నెలన్నర. పగలంతా నిద్ర, తెల్లవారుజామున మూడింటి నుంచి ఆట. ఎలా మార్చాలి?

ఈ వయసులో పగలూ రాత్రీ తేడా బిడ్డకు ఇంకా తెలియదు. ఆ తేడా తెలిపే గడియారం రెండో నెల దాటాక మెల్లగా కుదురుకుంటుంది. అప్పటిదాకా "పొద్దున ఆలస్యంగా లేపడం" అనేది మన చేతిలో లేదు. దారి చూపించడం వరకే మన పని. బాలింత గదికి పగలు కూడా తలుపులు, కిటికీలు మూసేసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ చీకట్లో బిడ్డకు పగలెలా తెలుస్తుంది? పగలు కర్టెన్లు తీయండి, మిక్సీ వేసుకోండి, మామూలుగా మాట్లాడుకోండి. రాత్రి పాలిచ్చేటప్పుడు చిన్న బెడ్‌లైటు, మాటల్లేవు, ముద్దులాటల్లేవు. పాలు మాత్రం ఎన్నిసార్లడిగినా ఇవ్వాల్సిందే. బరువు సరిగ్గా పెరగని పసిబిడ్డను రాత్రి లేపి మరీ పట్టమని డాక్టర్లు చెబుతారు.

బోర్లా పడుకోబెట్టి, ఆవాల దిండు పెడితే కదలకుండా ఎనిమిదింటి దాకా పడుకుంటుందని అత్తయ్యగారు అంటున్నారు.

బోర్లా వేస్తే బిడ్డకు గాఢంగా నిద్ర పడుతుందన్నది నిజమే. ప్రమాదమూ అక్కడే ఉంది. ఊపిరి ఆడనప్పుడు ఉలిక్కిపడి లేవాల్సిన బిడ్డ లేవలేకపోవచ్చు. ఏడాది దాకా పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలానే వేయాలి. పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. దిండు, మెత్తటి బొంత, బొమ్మలు ఏవీ ఉండకూడదు. తల గుండ్రంగా రావడానికి ఆవాల దిండు అక్కర్లేదు, మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ళ ముందు కాసేపు బోర్లా ఆడిస్తే తల వెనక ఒత్తిడి తగ్గుతుంది. మీ గదిలోనే, మీకు చేరువగా, వేరే పక్క మీద పడుకోబెట్టమని పిల్లల డాక్టర్ల సంఘాలు చెబుతాయి. మంచం మీద చోటు లేదని సోఫాలో బిడ్డను గుండెల మీద వేసుకుని కునుకు తీయడం అన్నిటికన్నా ప్రమాదం. అలసిపోయిన నాన్నలు చేసే పని ఇదే, గమనించండి.

అత్తయ్యగారితో ఎలా చెప్పాలంటారా? "డాక్టర్ తిట్టారండీ" అని నెపం డాక్టర్ మీదకు నెట్టేయండి. మా ఇంట్లో పనిచేసింది అదే.

ఉగ్గు, వస, లేదంటే జలుబు సిరప్ రెండు చుక్కలు... ఏదైనా ఇస్తే పడుకుంటుందా?

వద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అక్కర్లేదు. ఏడాది లోపు తేనె నాకించకూడదు, అందులో ఉండే ఒక రకం బాక్టీరియా పసిపేగుల్లో విషం పుట్టించగలదు. వస పోస్తే మాటలు వస్తాయని నమ్మకం, వాగుడుకాయను "వసపిట్ట" అంటామే అందుకే. నిద్రకూ దానికీ సంబంధం లేదు. ఇక మత్తునిచ్చే జలుబు సిరప్ నిద్ర కోసం వేయడం అన్నిటికన్నా తప్పు, పసిపిల్లల్లో ఊపిరి మందగించే ప్రమాదం ఉంది.

## నాలుగు నుంచి ఆరు నెలలు

మూడు నెలలప్పుడు ఆరింటి దాకా పడుకునేది. నాలుగు నిండగానే ఐదింటికే లేస్తోంది. దిష్టా?

దిష్టి తీయించుకుంటే తీయించుకోండి, మనసుకు బాగుంటుంది. జరిగింది మాత్రం ఎదుగుదలే. ఈ వయసులో నిద్ర తీరు పెద్దవాళ్ళ నిద్రలా మారుతుంది, మెలకువలు స్పష్టంగా వస్తాయి. జోకొడుతూ ఒళ్ళో నిద్రపుచ్చి పక్క మీద వేసిన పాప, ఐదింటికి కళ్ళు తెరిచి చూస్తే ఒళ్ళు లేదు, పాటా లేదు. అంతే, ఏడుపు. రాత్రి మొదటి నిద్రప్పుడు కళ్ళు మూతపడబోతుండగానే పక్క మీద వేసి, గుండె మీద చేయి వేసి ఉంచడం అలవాటు చేయండి. నాలుగు రోజుల్లో రాకపోతే వదిలేసి రెండు వారాల తర్వాత మళ్ళీ మొదలుపెట్టండి, తప్పేం లేదు. చుట్టి పడుకోబెట్టే అలవాటుంటే బొర్లా పడే ప్రయత్నం మొదలుకాగానే మానేయాలి.

పొద్దున్నే నలుగు పెట్టి నీళ్ళు పోస్తే మూడు గంటలు ఒళ్ళెరగకుండా పడుకుంటోంది. మంచిదేగా?

ఈ ప్రశ్నకు కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన ఇళ్ళలో తెల్లవారుజాము మెలకువలకు ఇదే పెద్ద కారణమని నా అనుమానం. ఇంగ్లీషు పుస్తకాల్లో దీని గురించి ఎక్కడా ఉండదు, వాళ్ళకు నలుగు లేదు కాబట్టి.

మామూలుగా జరిగేది ఇది. పాప ఐదింటికి లేస్తుంది. నీళ్ళు పోసే ఆమె ఆరున్నరకు వస్తుంది, ఆమెకు ఇంకో రెండిళ్ళున్నాయి. కాళ్ళు బారజాపి కూర్చుని, బిడ్డను కాళ్ళ మీద వేసుకుని నూనె, శనగపిండి, వేణ్ణీళ్ళు. ఆ తర్వాత పాలు తాగి ఏడున్నరకు పడుకుంటే పదిన్నర. అందరూ "నీళ్ళ నిద్ర" అని మురిసిపోతారు. నిజానికి ఆ మూడు గంటల్లో మొదటి గంటన్నర రాత్రి నిద్రలో మిగిలిపోయిన ముక్క. ఏడున్నరకు అంత కమ్మటి నిద్ర దొరుకుతుందని ఒంటికి తెలిసినప్పుడు, ఐదింటికి లేస్తే నష్టమేముంది?

చేయాల్సింది స్నానం మానడం కాదు, జరపడం. నీళ్ళు పోసే ఆమెను బతిమాలి ఎనిమిదిన్నరకో తొమ్మిదికో రమ్మనండి. కుదరకపోతే స్నానం సాయంత్రానికి మార్చి, గోరువెచ్చటి నీళ్ళు మీరే పోయండి. అదీ కుదరకపోతే నీళ్ళ నిద్రను గంటన్నర దగ్గర ఆపి, కర్టెన్ తీసి మెల్లగా లేపండి. "నిద్రపోయే బిడ్డను లేపుతారా" అని ఇంట్లో గొడవ అవుతుంది. అవనివ్వండి. వారం రోజుల్లో ఉదయం మెలకువ ఎంతో కొంత జరగడం చూస్తే వాళ్ళే ఊరుకుంటారు. సాంబ్రాణి పొగ మాత్రం ఏ వేళలోనూ వద్దు, పసి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

## ఆరు నెలల నుంచి ఏడాది

రాత్రి పదింటికి పడుకోబెడితే పొద్దున ఏడింటికి లేస్తుంది కదా? లెక్క సరిపోతుంది కదా?

లెక్క కాగితం మీద సరిపోతుంది, బిడ్డ దగ్గర సరిపోదు. మామూలుగా ఎనిమిదింటికి పడుకునే పాపను ఒక్కసారిగా పదింటిదాకా మేల్కొని ఉంచితే, బాగా అలసి, చిరాకెక్కి, పదింటికి పడుకుని అదే ఐదింటికి లేస్తుంది. రెండు గంటలు పోయినట్టే. 17 దేశాల పసిపిల్లల నిద్ర మీద 2010లో ఒక అధ్యయనం వచ్చింది. న్యూజిలాండ్ పిల్లలు సగటున 7.27కు, హాంకాంగ్ పిల్లలు 10.17కు పడుకుంటున్నారు. మన దేశం సహా ఆసియా పిల్లలు ఆలస్యంగా పడుకోవడమే కాదు, మొత్తం మీద తక్కువ నిద్రపోతున్నారని కూడా తేలింది. రాత్రి పోయిన నిద్ర పొద్దున పూర్తిగా తిరిగి రావడం లేదన్నమాట.

పడుకునే వేళ జరపాలంటే మూడు రోజులకోసారి 15 నిమిషాల చొప్పున జరపండి. భోజనం, కునుకు, స్నానం అన్నీ అంతే జరగాలి. ఒక్క పడుకునే వేళను లాగితే పాప తెగుతుంది, నిద్ర సాగదు. ముందుగా దీనికి వ్యతిరేకంగా కూడా ఒకసారి ప్రయత్నించండి: సాయంత్రం ఆరున్నర నుంచే కళ్ళు నులుముకుంటుంటే నాలుగు రోజులపాటు ఏడున్నరకే పడుకోబెట్టి చూడండి. మా వాడు అలా చేస్తే ఇరవై నిమిషాలు ఎక్కువ పడుకున్నాడు. నేను నమ్మలేదు, మళ్ళీ చూశాను, నిజమే.

సరిగ్గా నాలుగున్నరకు లేచి కూర్చుంది. ఆ క్షణంలో నేనేం చేయాలి?

మొదట ఏమీ చేయకండి. కళ్ళు మూసుకునే ఉండండి. రెండు మూడు నిమిషాలు ఆగితే కొందరు పిల్లలు తమంతట తామే అటు తిరిగి పడుకుంటారు, మనం "లేచావా తల్లీ" అని పలకరించి చెడగొడతాం. మా వాడు దోమతెరలో కూర్చుని జిప్పు పట్టుకుని పైకీ కిందకీ లాగేవాడు, జుయ్, జుయ్ మని. ఆ చప్పుడుకి నేను లేవకుండా ఉండగలిగిన రోజున, పదో నిమిషానికి నా మోకాలి మీద తల పెట్టి పడుకున్నాడు.

ఏడుపు అందుకుంటే తట్టండి, తక్కువ గొంతుతో జోల పాడండి. కావాలంటే ఎత్తుకోండి కానీ గది దాటి బయటకు రావద్దు. లైటు వద్దు, ఫోన్ వెలుతురు అసలే వద్దు. మనం టైము చూసుకునే ఆ ఒక్క సెకను వెలుగే చాలు, పాప ఫోన్ కోసం చేయి చాపుతుంది. "ఇక పడుకోదు" అని తేలిపోయినా ఆరు దాకా ఆ చీకటి గదిలోనే, మాటల్లేకుండా ఉండండి. బోరు కొట్టాలి, పాపకూ మీకూ. ఆరవగానే తలుపు తెరిచి, కర్టెన్ లాగి, "తెల్లారిందోచ్" అని హుషారుగా చెప్పండి. రోజు మొదలైందని తెలియాల్సింది అక్కడ.

ఏడవనిచ్చేస్తే అలవాటవుతుందంటున్నారు. వదిలేయాలా?

తెల్లవారుజామున వదిలేయడం వల్ల ఫలితం తక్కువ. రాత్రి ఎనిమిదింటికి నిద్రమత్తు ఎక్కువ కాబట్టి ఏడ్చినా చివరికి పడుకుంటారు. నాలుగున్నరకు ఆ మత్తు ఉండదు, గంటసేపు ఏడ్చి పూర్తిగా మెలకువ తెచ్చుకుంటారు. పైగా ఒకే గదిలో, పక్క పక్కనే పడుకునే మన ఇళ్ళలో అది సాగే పనీ కాదు. సొంతంగా నిద్రలోకి జారడం నేర్పాలనుకుంటే రాత్రి పడుకునే వేళ నేర్పండి.

ఆకలేస్తోందేమో. రాత్రి కడుపు నిండా రాగి జావ పెడితే ఎక్కువసేపు పడుకుంటుందా?

ఆరు నెలలు నిండిన పాపకు రాగి జావ మంచి ఆహారమే, నిద్రమాత్ర మాత్రం కాదు. నిండు పొట్టతో పడుకోబెడితే కక్కడం, కడుపుబ్బరం వచ్చి ఇంకా ముందే లేవచ్చు. రాత్రి తిండి పడుకోవడానికి గంట, గంటన్నర ముందు అయిపోవాలి.

నిజంగా ఆకలా, అలవాటా అని తెలుసుకోవడానికి ఒక గుర్తు: ఐదింటికి తాగిన పాప గబగబా, ఆపకుండా తాగి వెంటనే పడుకుంటే ఆకలి. రెండు గుక్కలు తాగి ఆటలోకి దిగితే అలవాటు. ఆకలైతే చీకట్లోనే ఇచ్చి పడుకోబెట్టండి, తప్పు లేదు. అలవాటైతే రెండు రోజులకోసారి పది నిమిషాల చొప్పున ఆ పాలను ఆలస్యం చేస్తూ ఆరు దాకా తీసుకురండి. పగలు పాలు, తిండి తగ్గకుండా చూసుకోవాలి. పది నెలల పిల్లలు ఆటలో పడి పగలు తాగక, రాత్రి వసూలు చేసుకుంటారు. బరువు తక్కువున్న బిడ్డకు రాత్రి పాలు తగ్గించే ముందు డాక్టర్‌ని అడగండి.

పగటి నిద్ర ఎంత ఉండాలి? తగ్గిస్తే పొద్దున ఎక్కువ పడుకుంటుందా?

ఎనిమిది, తొమ్మిది నెలలకు చాలామంది రెండు కునుకులకు వస్తారు, రెండూ కలిపి రెండున్నర, మూడు గంటలు. అంతకన్నా బాగా ఎక్కువుంటే కొంచెం కోయొచ్చు. సాయంత్రం ఐదు తర్వాత కునుకు తీస్తుంటే ముందు దాన్ని ఆపండి. మొత్తానికే మానిపిస్తే మాత్రం సాయంత్రానికి రుబ్బురోలు తిరిగినట్టు ఇల్లంతా తిరుగుతుంది ఏడుపు.

మొదటి కునుకు వేళ చాలా ముఖ్యం. ఐదింటికి లేచిందని జాలిపడి ఏడింటికే పడుకోబెడితే రేపూ ఐదే. ఎత్తుకుని, బాల్కనీలో కాకుల్ని చూపించి, రోజుకో పది నిమిషాల చొప్పున జరుపుతూ ఎలాగోలా ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా లాగండి.

డైపర్ నిండి లేస్తోందా?

చెయ్యి వేసి చూస్తే తెలిసిపోతుంది. పక్క కూడా తడుస్తుంటే రాత్రికి ఒక సైజు పెద్దది వేయండి. ఎర్రగా ఒరుసుకుపోయి ఉంటే ఆ మంటకే లేస్తుంది, ముందు దానికి క్రీము రాయండి.

## ఏడాది దాటాక

14 నెలలు. పగలు రెండోసారి పడుకోనంటోంది, పొద్దున ఐదింటికే లేస్తోంది. ఏం జరుగుతోంది?

రెండు కునుకుల నుంచి ఒకదానికి మారే దశ. ఎక్కువమంది 15, 18 నెలల మధ్య మారతారు. ఈ నెలా రెండు నెలలు అన్నీ అస్తవ్యస్తంగా ఉంటాయి. పొద్దుటి కునుకును కొద్దికొద్దిగా పదకొండు, ఆ తర్వాత పన్నెండున్నర దాకా జరుపుతూ రండి. ఒక్క కునుకే తీసిన రోజున రాత్రి ఏడున్నరకే పడుకోబెట్టండి. క్రెష్‌లో అందరికీ ఒకటే టైమైతే వాళ్ళ టైముకే మీరూ ఆదివారం సర్దుకోండి.

మా ఆయన ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర. నాన్న కోసం పాప పడుకోదు, పొద్దున ఐదున్నరకే లేస్తుంది.

దీనికి నిద్ర శాస్త్రంలో జవాబు లేదు. నాన్నను చూడాలన్న కోరిక తప్పు కాదు. కొందరి ఇళ్ళలో పొద్దుటి గంటను నాన్నకు ఇచ్చేశారు: పాప ఆరింటికి లేచాక ఏడున్నర దాకా స్నానం, పాలు, పార్కు అన్నీ ఆయనవే. రాత్రి పాప ఎనిమిదిన్నరకు పడుకుంటుంది. అమ్మకు పొద్దున గంటన్నర నిద్ర మిగులుతుంది. అడిగి చూడండి, మగవాళ్ళు అనుకున్నంత మొండివాళ్ళేమీ కాదు.

రెండున్నరేళ్ళవాడు. మంచం దిగి వచ్చి నా కనురెప్పలు వేళ్ళతో తెరుస్తున్నాడు.

ఈ వయసుకు మాట అర్థమవుతుంది. టైమర్ ఉన్న చిన్న బల్బు పెట్టి "ఇది వెలిగితేనే తెల్లారినట్టు" అని చెప్పండి. మొదటి మూడు రోజులు వాడు మామూలుగా లేచే టైముకే వెలిగేలా పెట్టండి, గెలిచాననిపించాలి. తర్వాత ఐదేసి నిమిషాలు జరపండి. అంతకుముందే వస్తే చేయి పట్టుకుని తిరిగి పక్క మీదకు తీసుకెళ్ళండి, ఉపన్యాసం వద్దు. లేవగానే ఫోన్‌లో పాటలు పెట్టే అలవాటుంటే అది మానాలి, వాడు లేస్తున్నదే వాటికోసం.

## ఇల్లు, ఊరు, ప్రయాణం

వేసవిలో ఐదింటికే వెలుతురు వచ్చేస్తోంది. ఏం చేయాలి?

దేశమంతటికీ ఒకటే టైము, అది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తుంది. ఆ గీత మన కాకినాడ దగ్గరగా వెళుతుంది. విశాఖ, శ్రీకాకుళం దానికి తూర్పున ఉన్నాయి. అందుకే జూన్‌లో విశాఖలో దాదాపు 5.20కే సూర్యోదయం, అంతకు ఇరవై నిమిషాల ముందు నుంచే గదిలో వస్తువులు కనబడతాయి. హైదరాబాద్‌లో మరో ఇరవై నిమిషాలు నయం. జనవరిలో హైదరాబాద్‌లో 6.45 దాటాక గానీ సూర్యుడు రాడు, అప్పుడు పిల్లలు కాస్త ఎక్కువ పడుకోవడం మీరూ గమనించే ఉంటారు.

గదిలో చేయి చాపితే మీ వేళ్ళు కనబడకూడదు, అంత చీకటి కావాలి. ఖరీదైన బ్లాక్‌అవుట్ కర్టెన్లే అక్కర్లేదు. నల్ల చార్టు పేపర్లు నాలుగు కొని కిటికీ అద్దాలకు టేపుతో అంటించండి. కర్టెన్ రాడ్డు పైన, పక్కల సందుల్లోంచి వచ్చే వెలుగును మర్చిపోతాం, అక్కడ పాత దుప్పటి మడిచి కుక్కండి. బెడ్‌లైటు తప్పదనుకుంటే నీలం, తెలుపు కాకుండా ఎర్రటిది, సన్నటిది పెట్టుకోండి. లేచే వేళ కాగానే మాత్రం బాగా వెలుతురులోకి తీసుకెళ్ళాలి.

గుడి మైకు, పాలవాడి బెల్లు, నీళ్ళ మోటారు. వీటికి ఏం చేస్తాం?

చప్పుళ్ళను ఆపలేం, వాటి అంచు మొద్దుబార్చగలం. రాత్రంతా ఒకేలా తిరిగే టేబుల్ ఫ్యాను మోతలో చిన్న చప్పుళ్ళు కలిసిపోతాయి. ఫోన్‌లో వాన చప్పుడు పెడితే బిడ్డ తలకు కనీసం రెండు మీటర్ల దూరంలో, తక్కువ సౌండుతో పెట్టండి. మన ఇంట్లో మనం చేసే చప్పుళ్ళు కూడా చూసుకోవాలి. మా అపార్ట్‌మెంట్‌లో మోటారు 4.35కు వేసేవారు. నెలల తరబడి నేను పాల గురించి, పళ్ళ గురించి ఆలోచించాను గానీ గోడ అవతల పంపు ఉందన్న సంగతి తట్టలేదు. మంచం గదిలో ఎదురు గోడ వైపుకు జరిపాక సగం బాధ తగ్గింది. వాచ్‌మన్‌ని అడిగితే 5.30కు మార్చాడు, అడగడమే ఆలస్యం.

ఏసీ రాత్రంతా ఉండాలా? నాలుగింటికి చల్లబడి లేస్తోందా?

తెల్లవారుజామున ఒంటి వేడి రోజంతటిలోకీ తక్కువగా ఉంటుంది. 22లో పెట్టిన ఏసీ పదింటికి హాయిగా ఉండి, నాలుగింటికి వణికిస్తుంది. చేతులు, కాళ్ళు ఎలాగూ చల్లగానే ఉంటాయి, మెడ వెనక చేయి పెట్టి చూడండి. 25, 26 దగ్గర పెట్టి, ఒంటికి నిండా ఉండే నూలు బట్టలు వేయడం మేలు. ఏడాది లోపు వదులు దుప్పటి కప్పకూడదు, ముఖం మీదకు వస్తుంది. మెడ వెనక చెమట పడుతుంటే బట్టలు ఎక్కువైనట్టు. కరెంటు పోయి ఏసీ ఆగి లేస్తోందేమో కూడా చూసుకోండి.

మేం అమెరికాలో ఉంటాం. నవంబర్‌లో గడియారం వెనక్కి జరిపాక పాప ఐదింటికే లేస్తోంది.

పాప మారలేదు, గడియారం మారింది. నవంబర్ మొదటి ఆదివారం నాటికి ఆరు కాస్తా ఐదవుతుంది. దానికి నాలుగైదు రోజుల ముందు నుంచే తిండి, కునుకు, పడక అన్నీ రోజుకు 10, 15 నిమిషాలు ఆలస్యం చేస్తూ వస్తే దెబ్బ తగ్గుతుంది. ముందు చేయలేకపోతే తర్వాత చేసినా ఫర్వాలేదు, వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. అరిజోనాలో చాలాచోట్ల గడియారం మార్చరు కాబట్టి ఫీనిక్స్‌లో ఉన్నవాళ్ళకు ఈ గొడవ లేదు. లండన్‌లో ఉన్నవాళ్ళ బాధ వేరు: జూన్‌లో 4.45కే సూర్యోదయం, రాత్రి తొమ్మిది దాటినా వెలుతురే. అక్కడ చీకటి కర్టెన్ సౌకర్యం కాదు, అవసరం.

ఇండియా వచ్చాం. రెండింటికి లేచి ఆడుకుంటోంది. ఎప్పటికి కుదురుతుంది?

అమెరికా నుంచి వస్తే వారం, పది రోజులు పట్టొచ్చు. రాత్రి లేచినప్పుడు బంధువులంతా చుట్టూ చేరి ఆడించకుండా చూసుకోవడమే అసలు పని. "మనవరాలు లేచింది" అని తాతయ్యగారు లైటు వేసేస్తారు. పొద్దున ఏడింటికి పడుకుని ఉన్నా లేపి వాకిట్లోకి తీసుకెళ్ళండి. పగటి కునుకు ఏదీ రెండు గంటలు దాటనివ్వకండి.

## డాక్టర్‌కి చూపించాల్సిన సందర్భాలు

ఎప్పుడు అనుమానపడాలి?

బాగా పడుకునే పాప ఉన్నట్టుండి నాలుగైదు రోజులుగా లేస్తూ, పడుకోబెడితే ఎక్కువ ఏడుస్తూ, ఎత్తుకుంటే ఊరుకుంటుంటే చెవి నొప్పి కావచ్చు. జలుబు లేకపోయినా రోజూ గురక పెట్టడం, నిద్రలో ఊపిరి ఆగి మళ్ళీ అందుకున్నట్టు ఉండటం, నోరు తెరిచే పడుకోవడం చూపించాల్సిన విషయాలు. కాళ్ళు విదిలిస్తూ, పక్కంతా దొర్లుతూ పడుకునే పాపకు ఒంట్లో ఇనుము తక్కువుందేమో రక్త పరీక్షలో తెలుస్తుంది. మన పిల్లల్లో రక్తహీనత చాలా ఎక్కువ. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే అది నిద్ర సమస్య కాదు, ఏ వేళైనా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. పళ్ళు వస్తున్నాయని అన్నిటినీ పళ్ళ మీదకు తోసేయకండి.

అన్నీ చేశాను, నాలుగు రోజులైంది, ఏం మారలేదు.

నాలుగు రోజులు చాలవు. ఒకటే పద్ధతి పట్టుకుని రెండు వారాలు చేయాలి. రోజుకొకటి మారిస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు. ఇద్దరూ ఒకేసారి లేవకండి, ఒకరోజు ఒకరు, మరోరోజు ఇంకొకరు. మీ వంతు కానిరోజు వేరే గదిలో పడుకోండి, తలుపు వేసుకోండి. రాత్రి మీరూ తొమ్మిదిన్నరకే పడుకోండి. సీరియల్ ఎక్కడికీ పోదు.

మా వాడి విషయంలో మొదటి ఆరు రోజులు ఏ మార్పూ లేదు. ఏడో రోజు 4.55. పదో రోజు మళ్ళీ 4.40, ఆరోజు నేను ఏడ్చాను. పదమూడో రోజున నాకు మెలకువ వచ్చి చూస్తే దోమతెర జిప్పు చప్పుడు లేదు. భయపడి లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. టైము 5.50.